ఒంటరి నడక – కొత్త ఊహ

‘మీరు చూచిన ఒక చారిత్రక స్థలము’ అను వ్యాసము వ్రాయుమన్నచో, ఓరుగల్లు కోటను గురించి ముప్పదిమంది విద్యార్థులు దాదాపు ఒకే వ్యాసము వ్రాయుదురు. కాకతీయులు కట్టించిరి, శిల్పకళ అద్భుతము, మనము కాపాడుకొనవలెను – ఇంతటితో ముగియును. ఇందులో అసత్యము లేదు. కాని వ్రాసినవాడు కంటితో చూచినదియు లేదు. ఇది భాషాజ్ఞానపు లోపము కాదు, తెలివి లోపమూ కాదు. వ్రాతకు కావలసిన ముడిసరకు మనస్సులో చేరకపోవుటయే కారణము.

మన మెదడు మిక్కిలి పొదుపరి. నిత్యము ఎదురగు దానిని అది పట్టించుకొనదు. గోడగడియారపు చప్పుడు కొంతసేపటికి వినిపించకుండుట అందరికిని అనుభవమే. రోజూ బడికి పోవు బాటయు అట్లే కంటికి కనబడక పోవును. కొత్త చోటు, కొత్త ధ్వని, కొత్త వాసన ఎదురైనప్పుడు సంగతి వేరు. మెదడులోని హిప్పోకాంపస్ అను భాగము దానిని పాత జ్ఞాపకములతో పోల్చి చూచును. అప్పుడు విడుదలయగు డోపమిన్ అను రసాయనము ఆ అనుభవము జ్ఞాపకములో నిలుచుటకు తోడ్పడును. ఊహ శూన్యమునుండి పుట్టదు. ఇట్లు నిలిచిన జ్ఞాపకములు కొత్తగా కలిసినప్పుడే పుట్టును.

నడకకును ఊహకును గల సంబంధమును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మారిలీ ఒపెజ్జో, డేనియల్ ష్వార్ట్జ్ అను వారు పరీక్షించి 2014లో ప్రకటించిరి. ఒక సామాన్య వస్తువును ఎన్ని కొత్త విధములుగా వాడవచ్చునో చెప్పుమని అడుగగా, కూర్చున్నప్పటికంటె నడచునప్పుడు సగటున సుమారు 60 శాతము ఎక్కువ ఊహలు వచ్చినవి. గోడకు ఎదురుగా నడకయంత్రముపై నడచినను ఫలితము కనబడినది. ఆరుబయట నడచినవారు కొత్త ఉపమానములను ఎక్కువగా చెప్పిరి. అయితే ఒకే సరియైన సమాధానము గల ప్రశ్నలకు నడక సాయపడలేదు. కనుక ఊహించుటకు నడక, దిద్దుటకు బల్ల అని గ్రహింపవలెను.

గ్రాహమ్ వాలస్ అను ఆంగ్లేయుడు 1926లో సృజనకు నాలుగు దశలు చెప్పెను: సన్నాహము, మనస్సులో మగ్గుట, తట్టుట, సరిచూచుట. ఫ్రెంచి గణితజ్ఞుడు పాయింకారే ఎంతో శ్రమించిన ఒక సమస్యకు సంబంధించిన కీలకభావము, భూగర్భశాస్త్ర విహారయాత్రలో బండి ఎక్కుటకు మెట్టుపై కాలు పెట్టగానే తట్టినదట. ముందు శ్రమించినవానికే నడకలో ఇట్లు తట్టును. సన్నాహము లేనిచో నడక కేవలము వ్యాయామమే.

మన ఓరుగల్లుకు ఈ విషయములో గొప్ప వారసత్వము గలదు. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన ‘క్రీడాభిరామము’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులు ఈ నగర వీధులలో తిరుగుదురు. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెములు, పొట్టేళ్ళ పోరు, పలనాటి వీరుల కథాగానము – కనబడినదెల్ల కావ్యమైనది. సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఈ గ్రంథమును ఆధారముగా గైకొనిరి. వీధిలో తిరుగుటయే చరిత్రకు సాక్ష్యమైనదన్నమాట.

ఆ కావ్యములో ఇద్దరు తిరిగిరి గదా, మనము ఒంటరిగా ఏల పోవలెను? తోడున్నప్పుడు దృష్టి మాటలపై నిలుచును. ఒంటరిగా ఉన్నప్పుడు కన్నును చెవియు పనిచేయును. ఈ కారణముచేతనే చేతిఫోనును కూడ జేబులోనే ఉంచవలెను. దానితో పోయినవాడు ఒంటరివాడు కాడు.

ఉపాధ్యాయులు ఈ చిన్న ప్రయోగము చేసి చూడవచ్చును. వ్యాసపు విషయమును ముందురోజే చెప్పి, ప్రతి విద్యార్థిని తాను మునుపు పోని ఒక చోట గంటసేపు గడిపి రమ్మనవలెను. కొత్తవాడలో జంపఖానాలు నేయు మగ్గము కావచ్చును. ఏనుమాముల మార్కెట్టులో మిరపబస్తాల నడుమ దగ్గుచు నిలుచుట కావచ్చును. భద్రకాళి చెరువుగట్టు కావచ్చును. పగటిపూట, ఇంటివారికి చెప్పి పోవలెను. పంపుటకు సంకోచమున్నచో తోడు వచ్చిన పెద్దలు కొంత దూరమున ఉండవచ్చును. చూచినవి మూడు, విన్నవి రెండు, వాసన ఒకటి తిరిగి రాగానే వ్రాసికొనవలెను. ‘అద్భుతము’, ‘రమణీయము’ అను మాటలు నిషిద్ధము.

మరునాడు వ్యాసములను వరుసగా చదివించినచో ముప్పది కాగితములు ముప్పది విధములుగా ఉండుట గమనింపవచ్చును. వెనుకబడినవాడని మనము అనుకొన్న పిల్లవాడు మగ్గపు చప్పుడును తన మాటలలో చెప్పుటయు సంభవమే. అట్టి వాక్యము ఒక్కటి దొరికినను, దానిని తరగతిలో రెండుమార్లు చదివి వినిపింపుడు.