గొంతు మిషనుది... నోరు మనిషిది!

ఎండాకాలం సెలవుల్లో టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని ‘ఆఁ...’ అని అరవని పిల్లలు ఉంటారా? రెక్కలు గొంతును తరిగి ముక్కలు చేసి మన మొహానే కొడుతుంటే, అచ్చం రోబో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ‘వేళ్లు పోతాయిరా’ అని వంటింట్లోంచి అమ్మ కేకేసేదాకా అదే ఆట. 1963లో బీబీసీ వాళ్లు ‘డాక్టర్ హూ’ సీరియల్లో డాలెక్‌లనే దుష్టజీవులకు గొంతు పెట్టాల్సి వచ్చినప్పుడు చేసిందీ ఇంచుమించు ఇదే. ఫ్యాన్ బదులు రింగ్ మాడ్యులేటర్ అనే సర్క్యూట్ వాడారు. నటుడి గొంతును సెకనుకు 30 సార్లు ఊగే తరంగంతో గుణించిందది. అంతే, పిల్లలు సోఫాల వెనక దాక్కున్నారు.

భయపెట్టడానికైతే ఆ గరగర చాలు. ఎలక్ట్రానిక్ పాటల్లో శ్రుతిగా, ముద్దుగా, కాస్త దిగులుగా కూడా వినిపించే రోబో గొంతుకు ఫ్యాన్ సరిపోదు. దాని కథ టెలిఫోన్ కంపెనీలో మొదలైంది.

గుసగుసలో గుట్టు

గొంతు మీద రెండు వేళ్లు ఆనించి ‘బాబాయి’ అనండి. వేళ్లకు మోత తగులుతుంది. అదే మాట పక్కవాళ్ల చెవిలో గుసగుసగా చెప్పండి. వేళ్లకు ఏమీ తగలదు, అయినా వాళ్లకు మాట అర్థమవుతుంది. అంటే గొంతు ఇచ్చేది మోత మాత్రమే. దాన్ని మాటగా మలిచేది నాలుక, పెదవులు, పళ్లు, అంగిలి. మరి ఆ మోతను తీసేసి, దాని చోట ఇంకేదైనా పెడితే?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ అనే ఇంజినీరు 1928 నుంచీ ఈ సంగతి మీదే పనిచేశాడు. ఆయనకు సంగీతంతో పనిలేదు. మాటను మొత్తంగా పంపాలంటే కేబుల్లో చాలా చోటు కావాలి. నోటి కదలికల లెక్క మాత్రం పంపి, అవతలి కొసన ఇంకో మోతతో మాటను మళ్లీ కట్టుకుంటే బోలెడు ఆదా. ఆ యంత్రమే వోకోడర్. అదెలా పనిచేస్తుందో తెలియాలంటే పిండి జల్లించడం గుర్తు తెచ్చుకోండి. రవ్వ, నూక, పిండి వేరు చేసినట్టు, గొంతును బొంగురు నుంచి కీచు దాకా పది జల్లెళ్లలో వేరు చేస్తారు. ఏ జల్లెడలో ఎప్పుడెంత పడిందో కొలుస్తారు. అటుపక్క మరో శబ్దాన్నీ అలాగే పది భాగాలు చేసి, ఈ కొలతల ప్రకారం ఒక్కో భాగాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతారు. అప్పుడు ఆ శబ్దం మాట్లాడుతుంది. ఇక్కడ ఆర్గన్ మోత పెట్టారా, ఆర్గన్ పలుకుతుంది.

1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో డడ్లీ బృందం దీని తోబుట్టువు ‘వోడర్’ను జనానికి చూపించింది. దీనికైతే మనిషి గొంతే అక్కర్లేదు. ఒక ఆపరేటరు హార్మోనియం ముందు కూర్చున్నట్టు కూర్చుని మాటను వాయించాలి. పది వేళ్లకు పది మీటలు. సుర్రుమనే బుస కావాలా, గొంతు మోత కావాలా అన్నది మణికట్టు కింద బద్దతో తేల్చాలి. స్థాయి పెంచడానికీ దించడానికీ కాలి కింద పెడల్. ఇవి చాలవన్నట్టు ప-బ, త-ద, క-గ జంటలకు ఇంకో మూడు మీటలు. ఈ జంటల్ని చూసి తెలుగువాడు ఆశ్చర్యపోనక్కర్లేదు. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని మన వ్యాకరణం ఎప్పుడో వేరు చేసి పెట్టింది. నాలుక తగిలే చోటు ఒకటే. సరళానికి గొంతు మోగుతుంది, పరుషానికి మోగదు. ఇంజినీర్లు మీటలుగా బిగించింది బడిలో మనం వల్లెవేసినదాన్నే. అయినా వోడర్ వాయించడం నేర్వాలంటే దాదాపు ఏడాది సాధన పట్టేదట. వీణైనా నయం అనుకుంటాను.

యాభై టన్నుల రహస్యం

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చర్చిల్, రూజ్‌వెల్ట్ మాటలు శత్రువు చెవిన పడకూడదు. 1943లో వోకోడర్‌ను గుండెకాయగా పెట్టుకుని ‘సిగ్‌సాలీ’ అనే టెలిఫోన్ వ్యవస్థ మొదలైంది. ఒక్కో కేంద్రంలో 40 బీరువాల సామాను, 50 టన్నులకు పైగా బరువు. మాటల లెక్కకు కలిపే గజిబిజి శబ్దం గ్రామఫోన్ రికార్డుల మీద ఉండేది. రెండు కొసల్లోనూ ఒకే రికార్డు ఒకే క్షణాన తిరగాలి. ఒక్కసారి వాడగానే ధ్వంసం చేసేవారు. లండన్‌లో ఈ యంత్రాన్ని పెట్టింది సెల్‌ఫ్రిడ్జెస్ డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగలో! దీని భద్రతను పరీక్షించడానికి గుప్తలిపి దిట్ట అలాన్ ట్యూరింగ్ అంతటివాడు బెల్ ల్యాబ్స్‌కు వెళ్లాడు.

సిగ్‌సాలీ మీద రహస్య ముద్ర 1976 దాకా ఉంది. విచిత్రమేంటంటే అప్పటికే వోకోడర్ పాటల్లోకి దూకేసింది. 1970లో వెండీ కార్లోస్, రాబర్ట్ మూగ్ కలిసి పది జల్లెళ్ల వోకోడర్ కట్టారు. మరుసటి ఏడాది ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ సినిమాలో అది బీథోవెన్ పాడింది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ కుర్రాళ్లు క్రాఫ్ట్‌వెర్క్ 1974లో ‘ఆటోబాన్’ ఆల్బమ్ మొదట్లోనే ఈ గొంతు వినిపించారు. 1978లో ఏకంగా ‘ద రోబోట్స్’ అనే పాటే చేశారు. సైనికాధికారుల మాటలు దాచిన యంత్రం డిస్కోల్లో చిందులేయడం నాకు భలే నచ్చుతుంది.

నోట్లో గొట్టం

వోకోడర్‌కో నాటు తమ్ముడున్నాడు, టాక్ బాక్స్. స్పీకరు నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని రెండో కొస వాయించేవాడి నోట్లో. గిటారు మోత గొట్టంలోంచి నోట్లోకి వస్తుంది, అతను గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రం కదుపుతాడు, ఎదుట మైకు పట్టుకుంటుంది. పళ్లు జలదరిస్తాయి, చొంగ కారుతుంది. 1976లో పీటర్ ఫ్రాంప్టన్ లైవ్ ఆల్బమ్ దీన్ని ఇంటింటికీ చేర్చింది. జాప్ బృందం రోజర్ ట్రౌట్‌మన్ సింథసైజర్‌కు గొట్టం తగిలించి ఆ చొంగలోంచే తేనె పిండాడు. చూడ్డానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. వినడానికి మాత్రం దీన్ని మించింది నాకు తెలియదు.

నాబ్ సున్నా మీద

ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఆయన నేలలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనుల్ని బట్టి చమురు జాడ పట్టే లెక్కల్లో దిట్ట. ఆ గణితాన్నే అపశ్రుతుల మీదికి మళ్లించి 1997లో ‘ఆటో-ట్యూన్’ విడుదల చేశాడు. తప్పిన స్వరాన్ని మెల్లగా దారిలో పెట్టడమే దాని పని. ఎంత మెల్లగా అన్నది తేల్చడానికి ఒక నాబ్ ఉంది. 1998లో లండన్‌లో గాయని షేర్ పాట ‘బిలీవ్’ తయారుచేస్తున్నవాళ్లు ఆ నాబ్‌ను సున్నాకు తిప్పేశారు. గొంతు స్వరం నుంచి స్వరానికి జారడం మానేసి గెంతడం మొదలుపెట్టింది. గుట్టు బయటపడకూడదని, అది వోకోడర్ పెడల్ చేసిన మాయ అని ఓ పత్రికకు చెప్పారు కూడా! తర్వాత టీ-పెయిన్ లాంటి గాయకులు దాన్నే ముద్రగా చేసుకున్నారు.

ఈ గెంతు మన చెవికి ఇంకా గట్టిగా తగులుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని తీసుకోండి. విద్వాంసులు దాన్ని ఒక్కచోట నిలబెట్టరు, ఊపుతారు. ఆ ఊపే తోడి. సున్నా మీదున్న ఆటో-ట్యూన్‌లోకి దాన్ని పంపితే ఉయ్యాల కాస్తా మెట్లయిపోతుంది. రోబో గొంతంటే మనిషి గొంతుకు ఇనుము పూయడమని చాలామంది అనుకుంటారు. కాదు, ఉన్న వణుకును తీసేయడమే.

పచ్చిపులుసు పరీక్ష

ఈ కథనం కోసం నేనూ ఇంట్లో కంప్యూటర్‌లో వోకోడర్ ముందేసుకున్నాను. మాట పచ్చిపులుసు, మోతకు మెత్తటి వేణువు శబ్దం. బుడబుడలు తప్ప మాట రాలేదు. వేణునాదంలో పై జల్లెళ్లకు దొరికేదేమీ లేదు మరి, నోరు దేన్ని మలుస్తుంది? రంపపు పళ్ల ఆకారంలో ఉండే సా-టూత్ తరంగం పెట్టాక ‘అచ్చిఉలుఉ’ అంది. అచ్చులు వచ్చాయి, ప, స ఎగిరిపోయాయి. ఎందుకంటే ‘స’ బుస, తరంగంలో బుస లేదు. కాస్త వైట్ నాయిస్ (వానజల్లు లాంటి హోరు) కలిపి, హల్లుల్ని రేడియోలో వార్తలు చదివినట్టు ఒత్తి పలికాను. అప్పుడొచ్చింది పచ్చిపులుసు, మూడు స్వరాల కార్డ్ మీద. రాగం కీబోర్డు చూసుకుంటుంది, మనం పాడక్కర్లేదు. కానీ మాటలు నమిలితే క్షమించదు. సినిమా పాటలు పాడేవాళ్లకు ఈ యంత్రం ముందు ఓ వారం శిక్షణ ఇప్పించాలనిపించింది.

ఇప్పుడు ఏఐ ఇంకో మలుపు తిప్పింది. అది యంత్రమని తెలియనివ్వదు. 2024లో రెహమాన్ ‘లాల్ సలామ్’ సినిమా పాటలో కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐతో వినిపించి, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. అదే ఏడాది బాలు గొంతును ఏఐతో పుట్టించారంటూ ఆయన కొడుకు ఎస్పీ చరణ్ ‘కీడా కోలా’ సినిమావాళ్లకు లీగల్ నోటీసు పంపారు. వోకోడర్‌తో ఆ తగాదా లేదు. నేను యంత్రాన్నేనని అది మొదటి మాటలోనే ఒప్పేసుకుంటుంది.

సరదా పడితే ఖర్చేమీ లేదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో వోకోడర్ ఉంది. స్టీరియో ట్రాక్‌లో ఎడమ చానల్‌కు మీ గొంతు, కుడి చానల్‌కు సింథ్ మోత పెట్టండి. ‘స’ వినపడకపోతే వైట్ నాయిస్ కొంచెం పెంచండి.