‘పరిశీలించండి’ అంటే బయల్దేరమనే!

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. పంపింది వినుకొండలో మా వీధి తమ్ముడు. బీటెక్ అయిపోయి రెండేళ్లు. ‘అన్నా, బ్యాంకాక్‌లో జాబ్ వచ్చింది. డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్. ఇంటర్వ్యూ కూడా అయిపోయింది, టెలిగ్రామ్‌లో. ఒకసారి చూడవా’ అన్నాడు. జీతం నెలకు లక్ష పైనే. టికెట్ వాళ్లదే. ఏజెంటుకు మాత్రం లక్షన్నర కట్టాలి. అందుకోసం వాళ్ల నాన్న కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి టిక్కీలు అమ్మేద్దామని చూస్తున్నాడు.

ఆ పోస్టు పేరు ఎక్కడో చదివినట్టు అనిపించింది. వెతికితే దొరికింది. మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్ 24న ఇచ్చిన హెచ్చరికలో అచ్చం అదే పేరు! థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని చెప్పి, ఐటీ తెలిసిన కుర్రాళ్లను సోషల్ మీడియా యాడ్లతో, దుబాయ్‌లో, ఇండియాలో ఉన్న ఏజెంట్లతో రప్పిస్తున్నారని అందులో ఉంది. ఆ తర్వాత దొంగతనంగా సరిహద్దు దాటించి, మయన్మార్‌లో బంధించి పని చేయిస్తున్నారట. లింక్ పంపాను.

‘అది చూశాన్లే అన్నా. కంపెనీని వెరిఫై చేసుకోమన్నారు, అంతేగా. వెళ్లొద్దని అయితే అన్లేదు’ అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఎందుకంటే నేనూ రోజూ చేసే పనే అది. కోడ్ రాసేటప్పుడు పసుపు రంగు వార్నింగ్ వస్తే మేం పట్టించుకోం. బిల్డ్ ఆగదు కదా! ఎర్రగా ఎర్రర్ వస్తేనే కదులుతాం. ప్రభుత్వ హెచ్చరికలతో చిక్కేమిటంటే, అందులో ఎర్ర రంగు కనపడేసరికి చాలాసార్లు విమానాలు ఆగిపోయి ఉంటాయి.

ఉక్రెయిన్‌లో ఆ తొమ్మిది రోజులు

2022 ఫిబ్రవరి గుర్తుందా? మన రెండు రాష్ట్రాల నుంచి ఎంబీబీఎస్ కోసం వెళ్లినవాళ్లు అక్కడ వందల్లో ఉన్నారు. 11న అమెరికా తన పౌరులకు 48 గంటల్లో బయటపడమని చెప్పేసింది. కీవ్‌లోని మన ఎంబసీ మొదటి సలహా 15న వచ్చింది. ఉండటం అత్యవసరం కానివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోయే విషయం ‘పరిశీలించవచ్చు’ అని. అవసరమో కాదో ఎవరు తేల్చాలి? పిల్లాడే. అటెండెన్స్ పోతుందని కాలేజీ, టికెట్ రేటు చూసి ఇంట్లోవాళ్లు, ‘ఏం కాదులే’ అని సీనియర్లు. ఆగిపోయారు.

20న మళ్లీ ఒకటి. 22న ఇంకొంచెం గట్టిగా: ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీలు చెప్పేదాకా చూడకుండా బయల్దేరండి అని. 24న తెల్లవారుజామున బాంబులు పడ్డాయి. గగనతలం మూసేశారు. మనవాళ్లను తీసుకురావడానికి బయల్దేరిన ఎయిరిండియా విమానం దారిలోనే ఢిల్లీకి తిరిగొచ్చేసింది.

అప్పుడు మారింది భాష. మార్చి 1న, రైలైనా ఏదైనా సరే, ఈ రోజే అర్జెంటుగా కీవ్ వదలండి అన్నారు. అదే రోజు ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి నవీన్ దాడిలో చనిపోయాడు. 2న ఖార్కివ్‌లో ఉన్నవాళ్లకు: సాయంత్రం 6 గంటలలోపు పెసోచిన్, బాబాయే, బెజ్‌లుడోవ్కా ఊళ్లలో ఏదో ఒకదానికి చేరాల్సిందే, బండి దొరక్కపోతే నడిచైనా సరే అని. ఆ ఊళ్లు 11 నుంచి 16 కిలోమీటర్ల దూరం. మంచులో.

తర్వాత ‘ఆపరేషన్ గంగ’తో దాదాపు 22,500 మందిని తీసుకొచ్చారు. అది చిన్న పనేం కాదు. కానీ నాకు పదేపదే గుర్తొచ్చేది 15వ తేదీ నాటి ఆ మెత్తటి మాటే. విమానాలు ఎగురుతున్నప్పుడు వచ్చిన మాట అది. ఎంబసీని పూర్తిగా తప్పుపట్టలేం కూడా. ఇంకో దేశంలో కూర్చుని ‘ఇక్కడ యుద్ధం రాబోతోంది’ అని గట్టిగా అనలేరు. ఆ దేశ ప్రభుత్వమే కంగారుపడొద్దని చెబుతున్న రోజులవి.

తెగేసి ‘వెళ్లొద్దు’ అన్న సందర్భాలు తక్కువ. లిబియా అలాంటిదే. దేశం వదిలి రమ్మని 2014లోనే చెప్పారు. జీతాలు బావున్నాయని ఆగినవాళ్లు ఆగారు. 2015 జూలైలో సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు లెక్చరర్లను కిడ్నాప్ చేశారు. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబర్‌లో. ఏ కారణంతోనైనా లిబియా వెళ్లకూడదని మన ప్రభుత్వం నిషేధం పెట్టింది 2016 మేలో!

ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు

బ్యాంకాక్ సంగతికొస్తే, చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పని కోసం వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన 18 దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఉంది. కానీ ఆ రూలు పదో తరగతి పాసవ్వని వాళ్లకి. మనం చదువుకున్నాం కాబట్టి మన పాస్‌పోర్టుకు ఆ అడ్డు లేదు. అంటే మేస్త్రి పనికి వెళ్లే అన్నను ఆపి అడుగుతారు, బీటెక్ తమ్ముడు బ్యాగు లాక్కుంటూ వెళ్లిపోతాడు. టూరిస్టుగా దిగుతాడు. ఆ స్టాంపు మీద ఉద్యోగం చేయకూడదు. మే సోట్ దాకా రోడ్డు. అక్కడ మోయి నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ. పాస్‌పోర్టు లాక్కున్నాక మిగిలేది ఫోన్లో మనలాంటోళ్లనే మోసం చేసే ‘జాబ్’.

2025 మార్చి 10, 11 తేదీల్లో మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో 549 మందిని తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అంతకుముందు 2024 మేలో కంబోడియాకు ఇలాగే కుర్రాళ్లను పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు పట్టుకున్నారు.

తమ్ముడికి ఒక్క పని చెప్పాను. ‘ఈమైగ్రేట్ సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల లిస్టు ఉంటుంది. మీవాడి లైసెన్స్ నంబర్ అడుగు. రూల్ ప్రకారం సర్వీస్ ఛార్జి 30 వేలు, పైన జీఎస్టీ. లక్షన్నర ఎందుకో కూడా అడుగు’ అని.

అడిగాడు. రెండు టిక్కులు నీలం అయ్యాయి. పది నిమిషాలకు ఏజెంట్ డీపీ మాయమైంది.

టిక్కీలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాడు: ‘సరే అన్నా, వెళ్లను. మరి మీ కంపెనీలో ఏమన్నా ఓపెనింగ్స్ ఉన్నాయా?’ మా దగ్గర ఏడాదిగా ఫ్రెషర్లను తీసుకోవట్లేదు. ఆ మాట వాడికి ఇంకా చెప్పలేదు.