స్టార్ వార్స్ చిత్రాలలో వైవిధ్యం, ప్రేమకథలు

స్టార్ వార్స్ అమెరికాకు చెందిన ప్రసిద్ధ సైన్స్ ఫిక్షన్ చలనచిత్రాల పరంపర. దీని సృష్టికర్త జార్జ్ లూకాస్. మొదటి చిత్రం 1977లో విడుదలయింది. 2012లో లూకాస్‌ఫిల్మ్ సంస్థను సుమారు 400 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసిన డిస్నీ, 2015, 2017, 2019 సంవత్సరాలలో మూడు చిత్రాలతో ఈ కథను కొనసాగించినది. వివిధ జాతుల నటీనటులకు ప్రధాన పాత్రలు ఇచ్చినందుకు ఈ చిత్రాలు ప్రశంసలు పొందాయి. అయితే కథలోను, ప్రేమ సన్నివేశాలలోను ఆ పాత్రలకు దక్కిన స్థానం విమర్శలకు గురయింది.

నేపథ్యం

1977 నాటి చిత్రంలో ముఖ్య పాత్రలలో ముఖం కనిపించే నటులందరూ శ్వేతజాతీయులే. ప్రతినాయకుడు డార్త్ వేడర్‌కు గాత్రదానం చేసిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ నల్లజాతీయుడైనను, ఆయన తెరపై కనిపించడు. 1980లో వచ్చిన "ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్"లో లాండో కాల్రిసియన్‌గా బిల్లీ డీ విలియమ్స్ నటించాడు. లాండో రాకుమారి లేయాతో సరసంగా మాట్లాడతాడు గాని, ప్రేమకథ మాత్రం హాన్ సోలో, లేయాలదే.

కొత్త పాత్రలు

జె.జె.అబ్రామ్స్ దర్శకత్వం వహించిన "ది ఫోర్స్ అవేకెన్స్" (2015) ప్రపంచవ్యాప్తంగా 200 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఇందులో కథానాయిక రే పాత్రను డెయిజీ రిడ్లీ పోషించింది. శత్రుసైన్యం నుండి పారిపోయి వచ్చిన సైనికుడు ఫిన్ పాత్రను నైజీరియా సంతతికి చెందిన బ్రిటిష్ నటుడు జాన్ బొయేగా, విమాన చోదకుడు పో పాత్రను గ్వాటెమాలాలో జన్మించిన ఆస్కార్ ఐజాక్ ధరించారు. చైనాలో విడుదలైన పోస్టరుపై ఫిన్ బొమ్మను చిన్నదిగా వేయడం అప్పట్లో వివాదాస్పదమయింది.

రోజ్ పాత్ర

రయాన్ జాన్సన్ దర్శకత్వంలో వచ్చిన "ది లాస్ట్ జేడై" (2017)లో మరమ్మతు పనివారు రోజ్ టికోగా వియత్నాం సంతతికి చెందిన అమెరికన్ నటి కెల్లీ మేరీ ట్రాన్ నటించింది. చివరి యుద్ధంలో ప్రాణత్యాగానికి సిద్ధపడిన ఫిన్‌ను రోజ్ అడ్డుకొని, ముద్దుపెట్టి స్పృహ కోల్పోతుంది. శ్వేతేతర పాత్రలైన ఈ ఇద్దరి మధ్య ప్రేమ ఈ పరంపరలో అరుదైన విషయం.

విడుదల తరువాత ట్రాన్ అంతర్జాలంలో జాతి, లింగ వివక్షతో కూడిన దూషణలకు గురై, 2018 జూన్‌లో తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను తొలగించినది. ఆ మాటలకన్నా, వాటిని తాను నమ్మడం మొదలుపెట్టడమే సమస్య అని అదే సంవత్సరం ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్రాసింది.

ముగింపు చిత్రం

"ది రైజ్ ఆఫ్ స్కైవాకర్" (2019)లో రోజ్ కొద్దిసేపు మాత్రమే కనిపిస్తుంది. ఫిన్‌తో ఆమె ప్రేమ ముందుకు సాగదు. రే అంతవరకు శత్రువుగా ఉన్న బెన్ సోలోను ముద్దాడుతుంది. 2016లో మరణించిన క్యారీ ఫిషర్ పాత ఫుటేజీని ఉపయోగించి రోజ్, లేయాలకు రూపొందించిన కొన్ని దృశ్యాలు సహజంగా రానందువల్ల తొలగించబడ్డాయని రచయిత క్రిస్ టెరియో వివరించాడు. ఇద్దరు స్త్రీ పాత్రల మధ్య క్షణకాలపు ముద్దు కూడా ఈ చిత్రంలో ఉంది. సింగపూర్‌లో విడుదలైన ప్రతిలో దానిని తొలగించారు. అంత తేలికగా తొలగించగలిగినంత చిన్న దృశ్యం కావడమే దానిపై వచ్చిన ప్రధాన విమర్శ.

విమర్శలు

పో, ఫిన్‌ల మధ్య ప్రేమను చూపి ఉంటే బాగుండేదని ఆస్కార్ ఐజాక్ అభిప్రాయపడ్డాడు. నల్లజాతి పాత్రను ప్రచారంలో ముఖ్యమైనదిగా చూపి, కథలో పక్కకు నెట్టడం తగదని బొయేగా 2020లో జీక్యూ పత్రిక ముఖాముఖిలో అన్నాడు. పోస్టరుపై చోటు కల్పించడం, కథలో ఆ పాత్ర ప్రేమకు, నిర్ణయాలకు ఫలితం ఉండటం రెండూ ఒకటి కావని ఈ విమర్శల సారాంశం.