స్ప్రింగ్‌ఫీల్డ్: అమ్మింది ఎంత, పోయింది ఎంత?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హాంప్‌డెన్ కౌంటీకి ముఖ్యపట్టణం స్ప్రింగ్‌ఫీల్డ్. బీవర్ చర్మాల వ్యాపారం కోసం విలియం పించన్ అనే ఇంగ్లిష్ వర్తకుడు 1636లో కనెక్టికట్ నది ఒడ్డున ఈ ఊరికి పునాది వేశాడు. అగావం తెగవారి నేలను అతను కబ్జా చెయ్యలేదు, వెల ఇచ్చి కొన్నాడు అంటారు. నిజమే. కానీ ఆ ఏడాది జూలైలో రాసుకున్న దస్తావేజును చివరిదాకా చదివితే, అగావంలు అమ్ముకున్నది కొంతేననీ, తర్వాత పోగొట్టుకున్నది అంతకు ఎన్నో రెట్లనీ తెలుస్తుంది.

వెల కింద వారికి ముట్టినవి 18 బారల వాంపం, అంటే గవ్వపూసల దండలు; అంగీలు, గొడ్డళ్లు, పారలు, కత్తులు 18 చొప్పున. అసలు సంగతంతా షరతుల్లో ఉంది. అప్పటికే సాగులో ఉన్న చేలు అగావంలవే. చేపలు పట్టుకోవడానికి, జింకల వేటకు, నేలదుంపలు, అక్రోట్లు, ఓక్ కాయలు ఏరుకోవడానికి వారికి అడ్డు ఉండకూడదు. ఇంగ్లిష్‌వారి పశువులు వారి మొక్కజొన్న మేస్తే నష్టం కట్టివ్వాలి. పందుల్ని ఓక్ కాయలు రాలే కాలంలో తప్ప అగావంలు ఉండే వైపు తోలకూడదు. పందుల దాకా ఆలోచించి రాయించుకున్నవారు మూటాముల్లె సర్దుకుపోయే ఉద్దేశంతో అమ్మారంటే నమ్మడం కష్టం. మశూచి 1633-34లో ఆ నది లోయను ఊడ్చేసింది కనుక అది దిక్కులేని నేలేనన్న వాదనా నిలవదు. పడమటి ఒడ్డున అగావంల చేలు ఉండబట్టే, తగవులు తప్పించుకోవడానికి పించన్ తూర్పు ఒడ్డుకు మారాడు.

అలాగని పించన్‌ను మోసగాడనడం అన్యాయం. స్థానికులు మనకు పూర్తిగా లోబడేదాకా స్వతంత్రులేనని 1648లో వలస ప్రభుత్వానికి రాసిన మనిషి అతను. మతం మీద రాసిన పుస్తకాన్ని 1650లో బోస్టన్‌లో తగలబెట్టడంతో రెండేళ్లకు ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. వ్యాపారం కొడుకు జాన్ చేతికొచ్చింది. బీవర్లు తరిగిపోయాయి. బట్టా సామానూ అరువు తెచ్చుకున్న లోయలోని తెగలవారి దగ్గర బాకీ తీర్చడానికి చర్మాల్లేవు, నేలే మిగిలింది. అదీ తనఖాకు పోయింది. ప్రతిదానికీ కాగితం ఉంది, సంతకం గుర్తులున్నాయి. చట్టం దృష్టిలో తప్పు పట్టడానికేమీ లేదు. ఒక్క మంచి వర్తకుడి మాట మీద నిలిచిన షరతులను అప్పుల పద్దు మింగేసింది.

1675 అక్టోబర్ 5న అగావంలు ఇతర తెగల యోధులతో కలిసి ఊరికి నిప్పుపెట్టారు. దాదాపు 30 ఇళ్లు, పించన్‌ల మిల్లులు కాలిపోయాయి. నలభై ఏళ్ల స్నేహానికి ద్రోహం చేశారని ఇంగ్లిష్‌వారు వాపోయారు. దాడికి ముందే వారు అగావంల మనుషుల్ని జామీనుగా తీసుకుని హార్ట్‌ఫర్డ్‌లో ఉంచారు. స్నేహం అప్పటికి అంత బలంగా ఉంటే ఆ అవసరం ఎందుకొచ్చినట్టు?