పనిముట్టు పోతే పని పోయినట్టే - బండ్లలో యంత్రాల చోరీలను కలిసికట్టుగా అరికడదాం

ఒకప్పుడు కూలికి పోయే మనిషి చేతిలో కొడవలో, భుజాన పారో ఉండేది. పోయినా కమ్మరి కొలిమి దగ్గర ఇంకొకటి చేయించుకునేవాడు. ఈనాడు పరిస్థితి మారిపోయింది. మందు కొట్టే కూలీని రైతు "వస్తావా?" అని అడగడం లేదు, "పంపు ఉందా?" అని అడుగుతున్నాడు. బ్యాటరీ పంపు, తైవాన్ పంపు, గట్ల మీద గడ్డి కోసే మిషను, చెట్లు కోసే రంపం మిషను, కలుపు తీసే పవర్ వీడరు - ఇవి ఉన్నవాడికే పని, లేనివాడికి లేదు. యంత్రం కొనే భారం రైతు మీద నుంచి, గుత్తేదారు మీద నుంచి మెల్లగా జారి కూలీ నెత్తిన పడింది.

ఆ యంత్రం ఎట్లా కొంటున్నాడు? చేతి డబ్బుతో కొనేవాళ్ళు తక్కువ. భార్య పేరు మీద డ్వాక్రా అప్పు, వారం వారం కట్టే ఫైనాన్సు అప్పు, మేస్త్రీ దగ్గర బయానా - ఇవీ దారులు. పదివేలు పెట్టి పంపు కొన్నాడనుకోండి. రోజుకు 500 కూలి పడినా, నోట్లో మెతుకు వేసుకోకుండా 20 రోజులు చేస్తే గాని ఆ బాకీ తీరదు. అటువంటి పంపును తెల్లారేసరికి ఎవడో ఆటోలోంచి ఎత్తుకుపోతే పంపు పోతుంది, పని పోతుంది, వాయిదా మాత్రం పోదు. వారం తిరిగేసరికి ఫైనాన్సువాడు గడపలో కూచుంటాడు. అందుకే ఇది చిల్లర దొంగతనాల ముచ్చట కాదంటున్నాం. ఇది కూటి సమస్య.

చోరీ ఎక్కడ జరుగుతున్నది?

ఇళ్ళ తాళాలు పగలగొట్టి పంపులు ఎత్తుకుపోయేది తక్కువ. ఎక్కువగా పోయేది బండ్లలోంచే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలని రాత్రే సామానంతా ఆటోలో సర్దిపెడతాం. ఆటోకు తలుపులుండవు, ఉన్నది రెగ్జిను గుడ్డ. ట్రాలీ మీద కప్పిన పట్టా వానను ఆపుతుంది గాని దొంగను ఆపదు. పైగా పట్టా కింద ఏదో సరుకుందని వాడికి మనమే చెప్పినట్టవుతుంది.

రెండోది, దారిలో ఆగేచోటు. రోడ్డు పక్క టీ కొట్టు, టిఫిను బండి, పెట్రోలు బంకు, ఎరువుల కొట్టు ముందు వరస. అందరం ఒక్కసారిగా దిగుతాం. పది నిమిషాలు చాలు.

మూడోది, సాయంత్రం కూలి డబ్బులు పంచుకునేటప్పుడు. అందరి కళ్ళూ మేస్త్రీ చేతి మీద ఉంటాయి, బండి మీద ఎవరి కన్నూ ఉండదు.

నాలుగోది, వలస పోయినచోట. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. పొలం గట్టునో, రోడ్డు పక్కనో గుడిసె వేసుకుంటారు. సామానంతా వచ్చిన బండిలోనో, దాని పక్కనో ఉంటుంది. తలుపూ లేదు, దీపమూ లేదు.

మన చేతిలో ఉన్న జాగ్రత్తలు

మొదటి మాట: రాత్రి బండిలో యంత్రం ఉంచకండి. పొద్దున పావుగంట ముందు లేచి సర్దుకోవడమే మేలు. వలస పోయినచోట తాళం పడే గది ఒకటి చూపించమని పని ఒప్పుకునే ముందే రైతునో, మేస్త్రీనో అడగండి. కూలి రేటు ఎట్లా మాట్లాడుకుంటామో ఇదీ అట్లాగే మాట్లాడుకోవాలి. పని మొదలయ్యాక అడిగితే ఎవరూ వినరు.

రెండో మాట: యంత్రాన్ని విడదీసి ఉంచండి. తైవాన్ పంపు గన్ను, పైపు ఒకరి దగ్గర, పంపు ఒకచోట. రంపం మిషను బారు, చైను విప్పి సంచిలో వేసి వెంట తీసుకుపోండి. సగం మిషనుకు బేరం రాదు, ఆ సంగతి దొంగకు మనకంటే బాగా తెలుసు.

మూడో మాట: ముఠాకు ఒక ఇనుప పెట్టె చేయించుకోండి. వెల్డింగు షాపులో రేకు పెట్టె చేయించి, బండి అడుగుకు బోల్టులు లోపలి నుంచి బిగించాలి. నట్టు బయట ఉంటే స్పానరుతో విప్పేస్తారు. తాళం కొండీ బయటికి పొడుచుకు రాకుండా రేకు గూడులో ఉండాలి, లేకుంటే కటింగు ప్లేయరుకో గడ్డపారకో అందుతుంది. పది మంది పంచుకుంటే ఆ ఖర్చు ఒక్కొక్కరికి ఒక రోజు కూలికి అటూ ఇటూ. పెట్టె వీలుకాకపోతే పంపుల పిడుల్లోంచి గొలుసు దూర్చి బండి చట్రానికి తాళం వెయ్యండి. ఒక్క హెచ్చరిక: పెట్రోలు నింపిన మిషనును, బ్యాటరీని ఒకే పెట్టెలో మూసి ఎండలో ఉంచకండి. పురుగుమందు డబ్బాలూ, అన్నం గిన్నెలూ ఒకచోట పెట్టకండి. దొంగ భయంతో ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

నాలుగో మాట: గుర్తు వెయ్యండి. మన తాతలు గొడ్లకు ముద్ర ఎందుకు వేసేవారు? మందలో కలిసినా, సంతలో అమ్మినా ఫలానా వారిదని తెలియాలని. యంత్రానికీ అంతే. ఊరి పేరు, ఇంటి పేరులో మొదటి అక్షరం, ఒక నంబరు - మేకుతో లోతుగా గీయండి, పైన రంగు వెయ్యండి. కనపడే చోట ఒకటి, అడుగున కనపడని చోట ఒకటి. రంగు చెరిపేసినా గీత మిగులుతుంది. మిషను మీద కంపెనీ కొట్టిన నంబరు ఉంటుంది, దాన్ని సెల్ ఫోనులో ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోనుకూ పంపండి. బిల్లు ఫోటో కూడా అట్లాగే. మన ఫోను కూడా ఆ బండిలోనే పోతే సాక్ష్యం ఇంట్లో ఉండాలి గదా!

ఐదో మాట: వంతు కాపలా. బండి ఆగినచోటల్లా ఒకరు దిగకూడదు. రోజుకొకరి వంతు. కాపలా ఉన్నవారికి టీ, టిఫిను అక్కడికే తెచ్చివ్వాలి. ఒకపూట పని మానుకుని కాపలా ఉండాల్సి వస్తే ఆ కూలి ముఠా మొత్తం పంచుకుని ఇవ్వాలి. ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ ఊరికే కూచున్నారు గదా, వాళ్ళు చూస్తారులే అని వదిలెయ్యడం, వస్తువు పోయాక వాళ్ళనే తిట్టడం చాలాచోట్ల చూస్తున్నాం. కాపలా కూడా పనే. పనికి కూలి ఉండాలి.

"పోయింది" అని కాదు, "దొంగిలించారు" అని రాయించండి

చోరీ జరిగాక స్టేషనుకు పోతే ఏమవుతుంది? "నాలుగు వేల పంపుకు కేసెందుకయ్యా, వెతుక్కోండి" అంటారు. లేదా "కనపడుట లేదు" అని ఒక కాగితం రాయించుకుంటారు. ఇక్కడ చట్టం తెలిసి ఉండాలి.

2024 జూలై 1 నుంచి పాత ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతున్నది. అందులో 303వ సెక్షను మామూలు దొంగతనానికి సంబంధించింది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి నేరం చేసినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. అంతేకాదు, 5,000 లోపు దొంగతనాన్ని పోలీసులు తమంతట తాము దర్యాప్తు చెయ్యనక్కరలేని నేరాల్లో చేర్చారు. అంటే పేదవాడి బ్యాటరీ పంపు పోతే మెజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే పోలీసు కదలనక్కరలేదు, ధనికుడి కారు పోతే మాత్రం వెంటనే కదలాలి! విలువను రూపాయల్లో కొలిచే చట్టానికి ఆ పంపు మీద ఎన్ని నోళ్ళు ఆధారపడ్డాయో కనపడదు.

అయితే అదే సంహితలో 305వ సెక్షను ఉంది. మనుషులనో సరుకులనో చేరవేసే వాహనంలోంచి వస్తువు దొంగిలిస్తే దాని కిందికి వస్తుంది. ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇందులో 5,000 అనే గీత లేదు. పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చెయ్యవలసిన నేరం ఇది. కాబట్టి ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి: ఫలానా నంబరు ఆటోలో కూలీలను, పనిముట్లను తీసుకుపోతుండగా, ఫలానా చోట ఆపినప్పుడు, ఇన్ని గంటలకూ ఇన్ని గంటలకూ మధ్య, ఈ నంబరు గల, ఈ గుర్తు ఉన్న పంపును దొంగిలించారు. ఈ నాలుగు ముక్కలు లేకపోతే అది కేసు కాదు, కథ అవుతుంది.

వలస దారిలో పోతే "మా హద్దు కాదు" అంటారు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటు కోర్టు ఉంది. దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

దొరికిన వస్తువు స్టేషను వరండాలో తుప్పు పట్టడం ఇంకో బాధ. ఇటువంటి సొత్తును పదిహేను రోజులు, లేదా నెలకు మించి స్టేషనులో ఉంచకూడదని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోటోలు తీయించి, పూచీకత్తు మీద సొంతదారుకు ఇప్పించమని కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. మనం వేసిన గుర్తు, దాచిన బిల్లు అప్పుడే అక్కరకొస్తాయి.

బండికి బీమా ఉంది గదా అనుకునేవారికి ఒక మాట. బండి బీమా బండికే. అందులో వేసిన సామానుకు కాదు. 2023లో కేంద్రం ప్రకటించిన పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నారు. ఒక్కొక్క దాని మీద ఎనిమిది లక్షల దాకా సబ్సిడీ. అటువంటి యంత్రాన్ని బండిలో ఊరూరా తిప్పే అక్కచెల్లెళ్ళు బీమా కాగితంలో చోరీ మాట ఉందా, బండిలో ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా అని సంతకానికి ముందే చదివించుకోవాలి.

జీతంలో కోత కొయ్యనివ్వకండి

యంత్రం మేస్త్రీదో, గుత్తేదారుదో అయితే అది పోగానే ముఠా మొత్తం కూలిలో కోత వేస్తారు. ఇది చెల్లదు. 1936 వేతన చెల్లింపు చట్టంలో ఉన్న సూత్రమే, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. కూలీకి ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. కోతకు ముందు అతని సంజాయిషీ వినాలి. కోత వస్తువు విలువను మించకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. కాపలాకు మనిషిని పెట్టకుండా, తాళం పెట్టె ఇవ్వకుండా నష్టం మాత్రం కూలీల మీద రుద్దితే ఒప్పుకోవద్దు. ఒక్కడు అడిగితే పనిలోంచి తీసేస్తారు. పదిమందీ అడగాలి.

అనుమానం పేరుతో పేదవాణ్ణి కొట్టవద్దు

వస్తువు పోగానే కన్ను ఎవరి మీద పడుతుంది? ఊరి చివర గుడారం వేసుకున్న సంచార కులాల మీద, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ మీద. చెట్టుకు కట్టేసి కొట్టిన సంఘటనలు మన పల్లెలకు కొత్త కాదు. 1871లో బ్రిటిషువాడు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలకు ముద్ర వేశాడు. ఎరుకల వారిని స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించాడు. ఆ చట్టం 1952లో రద్దయింది. మనసుల్లోంచి ఇంకా రద్దు కాలేదు. తోటి పేదవాడి ఒంటి మీద దెబ్బ పడితే పోయిన పంపు తిరిగి రాదు, పైగా మనమే నేరస్థులమవుతాం.

చూడవలసింది కొనేవాడి వైపు. కొనేవాడు లేకుండా దొంగ బతకలేడు. బిల్లు లేకుండా సగం ధరకు వచ్చే పంపును పాత ఇనుప సామాను కొట్టు, రిపేరు షాపు తీసుకోకూడదు. దొంగసొత్తని తెలిసి తీసుకుంటే 317వ సెక్షను కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. మనలో ఎవరికైనా "చవకగా వస్తుంది, తీసుకో" అని ఎవడైనా చెబితే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఏ కూలీ పొయ్యి ఆర్పి వచ్చింది?

ఇక చెయ్యవలసిన పని

ఈ సీజనుకు ముందే ప్రతి ఊళ్ళో ఒక ఆదివారం పెట్టుకోండి. పంపులూ మిషన్లూ అన్నీ ఒకచోటికి తెచ్చి గుర్తులు వెయ్యండి, నంబర్లు ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. పుస్తకం ఒకటి గ్రామ సంఘం దగ్గర, నకలు మండలంలో ఉండాలి. ఏ ఊళ్ళో వస్తువు పోయినా పక్క ఊళ్ళ రిపేరు షాపులకు ఆ రోజే కబురు వెళ్ళాలి. పంచాయతీ కట్టడంలో ఒక గది తాళంతో కూలీల సామానుకు కేటాయించాలని, మార్కెట్ యార్డుల దగ్గర బండ్లు నిలిపే చోట దీపాలు, కాపలా ఏర్పాటు చెయ్యాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. కూలీల అడ్డాల దగ్గరా ఇదే కోరండి.

తాళం ఎంత గట్టిదైనా ఒంటరివాడి తాళం ఒక గడ్డపారకు లొంగుతుంది. పది ఊళ్ళ కళ్ళు ఒకచోట చేరితే దొంగకు అమ్ముకునే దారి మూసుకుపోతుంది. నోటు పుస్తకం ధర ఎంతో కాదు, ఈ వారమే మొదలుపెట్టండి.