ఛాయాగీత్: రాత్రి పది గంటల తోడు

పగటి పాటకూ రాత్రి పాటకూ గల భేదం రాగాలలోనే కాదు, వినేవాని చెవిలో కూడ ఉన్నది. పగలు పాట నూరు చప్పుళ్లను త్రోసుకొని రావలె. రాత్రి పది గంటలకు వీధి సద్దుమణుగుతుంది. తలుపులకు గడియలు పడతాయి. పగలంతా పనుల చాటున దాగిన చింతలు మంచం చుట్టూ చేరతాయి. ఆ వేళ రేడియో ముల్లును అటూ ఇటూ త్రిప్పుతున్నవానికి వివిధభారతిలో ‘ఛాయాగీత్’ తగిలినదంటే, అది సామాన్యమైన లాభం కాదు.

వివిధభారతి పుట్టుక వెనుక చిన్న కథ ఉన్నది. 1952లో సమాచార ప్రసారశాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాట ఆయనకు గిట్టదు. ఆకాశవాణిలో ఆ పాటలు సన్నగిల్లగానే శ్రోతలు రేడియో సిలోనుకు తరలిపోయారు. ప్రజల అభిరుచిని ఉత్తరువులతో మార్చడం సాధ్యం కాదని ప్రభుత్వం గ్రహించినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైనది. దానికి రూపు దిద్దినవారిలో హిందీ కవి పండిత నరేంద్రశర్మ ముఖ్యులు.

ఛాయాగీత్ నడిచే తీరు ఎంతో సులువు. వ్యాఖ్యాత ఒక భావాన్ని తీసుకొంటారు: వాన కావచ్చు, ఎదురుచూపు కావచ్చు, విడిచివచ్చిన ఊరు కావచ్చు. దానికి తగిన సినిమా పాటలు కొన్ని ఏరి, నడుమ నాలుగు మెత్తని మాటలు చేర్చి దండగా గ్రుచ్చుతారు. శ్రోతలు కోరిన పాటలు వినిపించే ‘ఆప్‌కీ ఫర్మాయిష్’కూ దీనికీ ఇదే తేడా. అక్కడ కోరిక శ్రోతది; ఇక్కడ ఎంపిక వ్యాఖ్యాతది. శ్రోత చేయవలసినదల్లా వినడమే.

హిందీ అంతగా రాని తెలుగు శ్రోతకు సైతం ఆ గొంతులోని నెమ్మది అర్థమవుతుంది. ప్రకృతి కూడ రాత్రి రేడియోకు సహాయపడుతుంది. పగలు సూర్యరశ్మి వలన ఆకాశంలో ఏర్పడే విద్యుత్కణాల పొర మీడియం వేవ్ తరంగాలను మ్రింగివేస్తుంది. ప్రొద్దు క్రుంకగానే ఆ పొర కరిగిపోతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరలకు తగిలి, వందల మైళ్ల అవతలికి దిగుతాయి. పగలు అందని దూరపు కేంద్రాలు రాత్రివేళ గరగరల నడుమనే అయినా పలకరించడానికి కారణం ఇదే.

నేడు ఏ పాట కావలసినా చేతిలోని ఫోనులో ఉన్నది. అయినను రోగి ప్రక్కన మేలుకొని కూర్చున్న తల్లికి, కర్మాగారం ద్వారం వద్ద కాపలా కాసేవానికి, కారణం తెలియకుండానే నిద్ర దూరమైన వృద్ధునికి లక్ష పాటలలో ఒకదానిని ఎన్నుకొనే ఓపిక ఉండదు. ఎన్నిక కూడ ఒక బరువే. ఆ బరువును మరొకరు ఎత్తుకొన్నప్పుడు మనసుకు ఊపిరి సలుపుతుంది. పైగా అదే పాటను అదే నిమిషాన ఎక్కడెక్కడో ముక్కు మొగం తెలియనివారు వింటున్నారనే ఎరుక ఒకటి. ఒంటరితనానికి అది మందు కాకపోవచ్చు. తెల్లవారే వరకు తోడు మాత్రం అవుతుంది.