మీరు చదివిన సోషల్ ఏ ఏడాదిది?

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుదామనుకుంటున్నా అని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా ఒకటే. 'ముందు ఆరు నుంచి పది దాకా సోషల్ పుస్తకాలు తిరగెయ్యి, తర్వాత మిగతావి చూద్దాం' అంటారు. సలహా మంచిదే. కానీ ఏ పుస్తకాలు? ఏ ఏడాది ముద్రణ? ఏ రాష్ట్రానివి? ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. 2024 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-2 రాశాను. మెరిట్ లిస్టులో నా నంబర్ దరిదాపుల్లో కూడా లేదు. పుస్తకమే మొత్తం కారణం అని చెప్పను. ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు అరకొరగా చదివిన చదువు అది. కానీ నాలుగో పేపర్‌లో చేజారిన మార్కులకి మాత్రం అదే కారణం.

గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. నాలుగోది మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. ఖమ్మంలో పెరిగినదాన్ని, బంద్‌ల రోజుల్లో బడికి సెలవులు వచ్చి సంబరపడినదాన్ని, ఇందులో నాకు తెలియంది ఏముంటుందిలే అనుకున్నా. అటక మీంచి నా పదో తరగతి సోషల్ పుస్తకం దింపి, దుమ్ము దులిపి చదివా. అది 2014 ముద్రణ. రాష్ట్రం విడిపోయే నాటికి తయారైన పుస్తకం. అందులో ఉద్యమం పాఠమే లేదు! తర్వాత సవరించిన తెలంగాణ ముద్రణల్లో చేర్చారు. నాకంటే చిన్నవాళ్ళకి అది మామూలు పాఠం. నాకు మాత్రం అలాంటిది ఒకటుందని కూడా తెలీదు.

ఒక్క పాఠం చదివితే 150 మార్కులు వచ్చిపడవు, నిజమే. అయితే ఏది ముందు, ఏది వెనుక అనే వరుస బుర్రలో పడేది. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1985లో వచ్చిన 610 జీవో... సిలబస్ కూడా ఈ కథని 1948–70, 1971–90, 1991–2014 అని మూడు భాగాలు చేసింది. నేనేమో 1969 నుంచి నేరుగా 2009 డిసెంబరు 9కి దూకేశా. మధ్యలో నలభై ఏళ్ళు ఖాళీ.

బ్లాగు రాసేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ గురించి చదివినా ముందు వెర్షన్ నంబర్ చూడటం నాకు అలవాటు. పాఠ్యపుస్తకానికీ వెర్షన్ ఉంటుందని తట్టలేదంతే.

మీ బ్యాచ్ ఏది?

మాది 2015 మార్చి బ్యాచ్. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం ప్రకారం కొత్త పుస్తకాలు దశలవారీగా వచ్చి, మేం పదిలోకి వచ్చేసరికి పదో తరగతికి చేరాయి. అంతకుముందు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అని విడివిడిగా ఉండేది. మాకు అన్నీ కలిపి రెండు భాగాలుగా అల్లేశారు. దాంతోపాటు 'విద్యాప్రమాణాలు' అని ఒక పట్టిక కూడా వచ్చింది. విషయావగాహన, పాఠ్యాంశాన్ని చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం. పరీక్షలో ప్రతి ప్రశ్నా వీటిలో ఏదో ఒకదాని కింద రావాలి. పాఠం వెనకున్న ప్రశ్నలు బట్టీ పట్టి రాసేద్దామంటే కుదరదు. ఒక పేరా ఇచ్చి నీ అభిప్రాయం రాయమంటారు, పట్టిక ఇచ్చి అందులో ఏం కనిపిస్తోందో చెప్పమంటారు. తెలంగాణలో మా నుంచే రాతపరీక్షకి 80, ఇంటర్నల్స్‌కి 20 అయింది.

ఇవాళ వెనక్కి చూస్తే ఆ పట్టిక మంచి ఆలోచనే అనిపిస్తుంది. గ్రూప్-1 మెయిన్స్‌లో అడిగేది దాదాపు అదే కదా, ఇచ్చిన విషయం మీద మన మాటల్లో వ్యాఖ్యానించడం. కానీ ఆ 20 మార్కుల సంగతి వేరు. నా ప్రాజెక్టు వర్క్ మా వీధి చివర నెట్ సెంటర్‌లో పది నిమిషాల్లో ప్రింట్ అయింది. క్లాసులో సగం మందివి అక్కడే తయారయ్యాయి, అందరికీ మంచి మార్కులే వేశారు. సమాచార సేకరణ నైపుణ్యం అంటే ఇదేనేమో అనుకున్నాం. ఆంధ్రప్రదేశ్ ఈ ఇంటర్నల్స్‌ని 2019లోనే ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరు చివర్లో ఎత్తేస్తున్నామని ప్రకటించి, పరీక్షలు దగ్గరపడ్డాయని గగ్గోలు లేవడంతో ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంచింది.

ఇప్పుడు మీ సంగతి చూడండి. 2020లో పది పూర్తయినవాళ్ళు 2025–26లో బీటెక్ ఫైనలియర్‌కి వచ్చారు. కరోనా దెబ్బకి తెలంగాణలో మీ పరీక్షలు మొదలైన కొద్ది రోజులకే ఆగిపోయాయి, ఆంధ్రలో అసలు మొదలే కాలేదు. అంటే మీరు సోషల్ పబ్లిక్ పరీక్ష రాయనే లేదు. 2021 బ్యాచ్‌దీ అదే పరిస్థితి. 2022 వాళ్ళు రాశారుగానీ, తెలంగాణలో 70 శాతం సిలబస్‌తోనే. ఆ ఏడాది నుంచి పేపర్లూ మారిపోయాయి. మాకు సోషల్ రెండు రోజుల పరీక్ష, మీకు ఒక్క రోజే. ఆంధ్రలో 100 మార్కులకి, తెలంగాణలో 80కి. ఇది మీ తప్పు కాదు. కానీ 'పదిలో చదివేశాంలే' అనే ధీమా ఉంటే మాత్రం ఒకసారి పుస్తకం తెరిచి, మీరు నిజంగా చదివిన పాఠాలకి టిక్ పెట్టుకుని చూడండి. చివరి పాఠాల దగ్గర టిక్కులు ఆగిపోతాయి. పరీక్షల్లో ఎక్కువ పనికొచ్చే స్వాతంత్ర్యానంతర భారతం పాఠాలు ఉండేది సరిగ్గా ఆ చివరి భాగంలోనే.

చెల్లి పుస్తకాలు చూశాక

విజయవాడలో మా చిన్నమ్మ కూతురు 2025లో పది రాసింది. తనదీ మొదటి బ్యాచే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ 2022లో ఎనిమిదికి, 2023లో తొమ్మిదికి, 2024లో పదికి వచ్చింది. అది ఏ తరగతిలోకి అడుగుపెడితే ఆ తరగతికి కొత్త పుస్తకాలు వచ్చాయన్నమాట. 'అక్కా, నాకు నాలుగు పుస్తకాలు, నీకు ఒక్కటేనా?' అని అడిగింది. నిజమే, ఎన్‌సీఈఆర్‌టీలో చరిత్ర, భూగోళం, రాజనీతి, అర్థశాస్త్రం మళ్ళీ వేరువేరు. తమాషా ఏంటంటే, అదే ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి సోషల్ అంతా కలిపి ఒకే పుస్తకం తెచ్చింది. మేం 2014లో చదివిన పద్ధతి ఢిల్లీ చుట్టూ తిరిగి మళ్ళీ వస్తోంది.

ఓ ఆదివారం ఆ నాలుగూ, నా ఒక్కటీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. మాకు రాంపూర్ అనే ఊరి ఆర్థిక వ్యవస్థ పదిలో ఉంటే, తనకి పాలంపూర్ అనే ఊరు తొమ్మిదిలోనే అయిపోయింది. అది చిన్న తేడా. అసలు తేడా 1947 దగ్గర ఉంది. మా పుస్తకంలో రెండు ప్రపంచ యుద్ధాలు, రాజ్యాంగ రచన, 1947–77 తొలి ముప్పై ఏళ్ళు, ఆ తర్వాత 2000 దాకా రాజకీయాలు వరసగా ఉన్నాయి. తన పదో తరగతి చరిత్రలో ఐరోపా జాతీయవాదం, మన జాతీయోద్యమం, పారిశ్రామికీకరణ, అచ్చుయంత్రం కథ ఉన్నాయి. స్వాతంత్ర్యం తర్వాతి రాజకీయ చరిత్ర ఎన్‌సీఈఆర్‌టీలో పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రంలో వస్తుంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న మా చెల్లి దాన్ని ఎప్పుడు చూస్తుంది? ఎప్పటికీ చూడదు. గ్రూప్-2కి కూర్చున్న రోజున చూస్తుంది.

మరి మా పుస్తకమే గొప్పదా అంటే అదీ కాదు. డబ్బు–పరపతి, సమాఖ్య వ్యవస్థ, వినియోగదారుల హక్కులు ఎన్‌సీఈఆర్‌టీలో చాలా సూటిగా, శుభ్రంగా ఉన్నాయి. ఎకానమీ పేపర్‌కి నేను ముందు అవే చదివి ఉండాల్సింది. పైగా ఆంధ్ర పుస్తకాలు ద్విభాషా ముద్రణ, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగులో పరీక్ష రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి నిఘంటువు దొరకదు.

ఏపీపీఎస్సీ గ్రూప్-2 వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. మెయిన్స్ మొదటి పేపర్‌లో 75 మార్కులు ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకే. శాతవాహనుల కంటే ముందు నుంచే మొదలుపెట్టాలి. ఎన్‌సీఈఆర్‌టీ దేశమంతటికీ రాసిన పుస్తకం, అందులో మన ప్రాంతానికి దక్కేది కొన్ని వాక్యాలే. కాబట్టి పాత రాష్ట్ర పుస్తకాలు పారేయకండి, కిలోల లెక్కన అమ్మేయనివ్వకండి.

పాత పుస్తకంతో ప్రమాదం

పాత పుస్తకం మంచిదన్నాను కదా అని కళ్ళు మూసుకుని చదవకండి. నా 2014 ముద్రణ రాసేనాటికి ప్రణాళికా సంఘం ఉంది. 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. జీఎస్టీ లేదు, అది 2017. జమ్ము కశ్మీర్ అప్పుడు రాష్ట్రం. తెలంగాణకి అప్పుడు 10 జిల్లాలు, 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్ర జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26కి పెరిగాయి. దాని తర్వాతి మార్పులకి ప్రభుత్వ వెబ్‌సైటే చూడాలి. జనాభా లెక్కలు మాత్రం పాతవైనా కొత్తవైనా 2011వే, అక్కడ మీకు ఇబ్బంది లేదు.

కొత్త పుస్తకాన్నీ గుడ్డిగా నమ్మలేం. 2023లో తెలంగాణ పదో తరగతి సోషల్ పుస్తకం అట్ట మీద రాజ్యాంగ పీఠిక అచ్చయింది. అందులో 'సామ్యవాద', 'లౌకిక' అనే మాటలు లేవు. పొరపాటున 1950 నాటి పాఠం వేసేశారని గొడవైంది. ఆ రెండూ 1976లో 42వ సవరణతో చేరిన మాటలు. మూల పీఠికలో ఏముంది, ఇప్పుడున్న పీఠికలో ఏముంది అని రెండు రకాలుగానూ ప్రశ్న రావచ్చు. ఆ అట్ట ఒక్కటే చూసి చదివినవాళ్ళకి ఒకటి తప్పిపోతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ కూడా అంతే. సిలబస్ తగ్గింపు పేరుతో పదో తరగతి రాజనీతి నుంచి ప్రజా పోరాటాలు–ఉద్యమాలు, ప్రజాస్వామ్యానికి సవాళ్ళు వంటి పాఠాలు తీసేసింది. సివిల్స్ వాళ్ళు అశోక్‌నగర్‌లో పాత ఎన్‌సీఈఆర్‌టీలు వెతికి మరీ కొనేది ఇందుకే. డీఎస్సీ రాసేవాళ్ళు మాత్రం రివర్స్‌లో ఆలోచించాలి. మీకు పాఠ్యపుస్తకమే సిలబస్, అందుకని ముందు ప్రస్తుతం బడిలో నడుస్తున్న ముద్రణ చదవాలి.

ఏది ఏ ఏడాదిదో కనుక్కోవడం పెద్ద పని కాదు. అట్ట తిప్పితే మొదటి ముద్రణ, పునర్ముద్రణల సంవత్సరాలు ఉంటాయి. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగానే దొరుకుతాయి, కాబట్టి వందలు పోసి మెటీరియల్ కొనేముందు వాటి విషయసూచికలు పక్కపక్కన పెట్టి చూడండి. మీకు లేని పాఠం అవతలి పుస్తకంలో ఎక్కడుందో ఒక గంటలో తేలిపోతుంది. నోటిఫికేషన్‌లోని సిలబస్ కాగితం చేతిలో ఉంచుకుని ఈ పని చేస్తే ఇంకా మేలు.

చెల్లి తన నాలుగు పుస్తకాలూ నాకిచ్చేసింది. నాది తనకిస్తానంటే మొదట వద్దంది, తర్వాత 1947 పాఠాల కోసం తీసుకెళ్ళింది. అందులో తెలంగాణ మ్యాప్ మీద నేను 2015లో పెన్సిల్‌తో గుర్తుపెట్టిన 10 జిల్లాలు అలాగే ఉన్నాయి. వాటి మీదే ఎర్ర పెన్నుతో 33 గీస్తోందట. ములుగు దగ్గర ఆగిపోయి మొన్న ఫోన్ చేసింది.